వార్నిష్ ఆరకముందు

పిన్‌బాల్ బల్లల ధరలు పడిపోయిన ఏడాది భూపతిరాజు గారికి అన్నం సయించలేదని భీమవరంలో చెప్పుకుంటారు. అదంతా ఒట్టిమాట. ఆయన ఆ ఏడాది కూడా రెండు పూటలా బాగానే తిన్నారు. కాకపోతే తింటూ తింటూ మధ్యలో ఆగి, "మన బల్లలు అసలువేనంటావా?" అని వడ్డించేవాళ్ళని అడిగేవారు. వాళ్ళేం చెప్తారు పాపం, "అసలువేనండి" అనేవారు.

పిన్‌బాల్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క మాట. నడుమెత్తు చెక్కబల్ల, కాస్త ఏటవాలుగా ఉంటుంది. పైన అద్దం, లోపల దీపాలూ గంటలూ రబ్బరు చుట్టిన గుంజలూ. స్ప్రింగు లాగి వదిలితే ఉక్కు బంతి పైకి పోయి, అన్నిటికీ తగులుకుంటూ కిందికి జారుతుంది. అది గుంటలో పడిపోకుండా పక్కనున్న బటన్లు నొక్కి, రెండు చిన్న రెక్కలతో మళ్ళీ పైకి కొట్టాలి. ఆట అంతే. కాలక్రమాన ఆడేవాళ్ళు పోయారు, కొనేవాళ్ళు మిగిలారు. భూపతిరాజు గారు రొయ్యల చెరువుల మీద గడించి ముప్ఫైయొక్క బల్లలు కొన్నారు. వాటికోసం ఏసీ హాలు కట్టించి, ఒక్కోదానికీ ఒక్కో శాలువా కప్పి, రోజూ పొద్దున్నే స్నానం చేసి వచ్చి దణ్ణం పెట్టుకునేవారు.

ఆయన బెంగకి కారణం జంటమిషన్లు. ఏ వస్తువునైనా ఒక గదిలో పెట్టి తలుపేస్తే, మర్నాటికి పక్కగదిలో దాని కవల తయారయ్యే కాలం వచ్చింది. మేకు మీది తుప్పుతో సహా. ఏది అసలో ఏది కవలో చెప్పే మొనగాడు లేకపోయాక బల్ల విలువ నేలకి దిగి, దాని మీద ఆడిన మనిషి విలువ కొండెక్కింది. ఫలానా ఛాంపియన్ ఫలానా పోటీలో ఆడిన బల్ల ఇది అంటే చాలు, జనం ఎగబడి కొన్నారు. ఆ ఛాంపియనే ఆడాడని రుజువేమిటి అంటే మాత్రం అందరూ ఆకాశంలోకి చూశారు.

సరిగ్గా అప్పుడే విశాఖపట్నంలో లాస్య చేతిజాడ చదివే విద్య కనిపెట్టింది. పేరులో నాట్యం ఉంది కానీ, మనిషి రోడ్డు దాటేటప్పుడు కూడా లెక్కలు వేసుకునే రకం. మధురవాడలో రెండు గదుల ప్రయోగశాల, అందులో ఆవిడా, తబస్సుం అనే స్నేహితురాలూ. ఇద్దరూ ఏడేళ్ళు ఒకటే సంగతి పట్టుకు వేలాడారు. ఉక్కు బంతి దొర్లిన చోటల్లా వార్నిష్ లోపలి పొరలు వెంట్రుకవాసి నలుగుతాయి. బటన్ నొక్కినప్పుడల్లా లోపలి రాగిరేకు మీద ఒక మాడుమచ్చ పడుతుంది. జంటమిషన్ పైకి కనిపించేదంతా తీసుకుంటుంది గానీ, ఈ లోపలి నలుగుళ్ళు దానికి అందవు. ఆ నలుగుళ్ళనీ మచ్చలనీ కలిపి చదవగలిగితే, ఆ బల్ల మీద ఆడిన చెయ్యి ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. వాళ్ళు చదవగలిగారు.

చదవడమే కాదు, ఆ చెయ్యి చేత మళ్ళీ ఆడించగలిగారు. 

"రండమ్మా, రండి. ముందు టిఫిన్ చెయ్యండి," అన్నారు భూపతిరాజు గారు, బల్లలు చదివించుకోవడానికి తను పిలిపించిన వాళ్ళిద్దరూ భీమవరంలో ఆయన హాలు గడప తొక్కగానే.

"పని అయ్యాక తింటామండి," అంది లాస్య.

"అయ్యాకంటే పెసరట్టు చల్లారిపోద్దండి."

పెసరట్టు తిన్నాకే పని మొదలైంది. లాస్య మొదటి బల్ల శాలువా తీసి, టిఫిన్ క్యారియరంత పెట్టె ఒకటి దాని పొట్టకింద బిగించి, తీగలు కలిపి దూరంగా జరిగింది. అది మనీలా ఛాంపియన్ రెనాటో ఫైనల్స్ ఆడిన బల్ల అని ఆయనకి అమ్మినవాళ్ళు చెప్పారు. ముంబయి దళారులు చెప్పారంటే ఆయనకి వేదం.

స్ప్రింగు తనంతట తనే వెనక్కి వెళ్ళి వదులుకుంది. బంతి పైకి పోయి, గంటలు మోగించి, కిందికి దిగింది. రెక్కలు కదల్లేదు. బంతి తిన్నగా గుంటలో పడింది.

"అదేంటండీ! ఛాంపియన్ గారు మొదటి బంతికే పోయారు?" అని ఆయన కంగారుపడ్డారు.

రెండో బంతి బయల్దేరింది. అది ఇంకా పైనుండగానే బటన్లు వాటంతటవే లోపలికి వెళ్ళి వచ్చాయి. ఎడమది రెండుసార్లు, కుడిది ఒకసారి. టక్ టక్, టక్. ఆ తర్వాత ఆట మొదలైంది. ఎదురుగా మనిషి లేడు, బటన్లు మాత్రం ఎవరో నొక్కుతున్నట్టు లోపలికి పోతున్నాయి. బంతి పదకొండు నిమిషాలు కిందపడలేదు. భూపతిరాజు గారు శాలువా గుండెలకి హత్తుకుని నిలబడి, "రెనాటో గారండీ... రెనాటో గారే..." అని కళ్ళు తుడుచుకున్నారు.

రెండో బల్ల ఒసాకాలో మికా అనే అమ్మాయి ఆడినదన్నారు. మొదటి బంతి గుంటలో పడింది. రెండో బంతికి ముందు టక్ టక్, టక్.

మూడో బల్ల దగ్గర తబస్సుం తన చేతిలోని తెరపలక మీది గీతలు చూసి మొహం చిట్లించింది. "లాస్యా, మూడు జాడలూ ఒకటే వస్తున్నాయి. పెట్టెలో ఏదో పోయింది," అని చెవిలో చెప్పింది.

పెట్టెలో ఏమీ పోలేదని లాస్యకి అప్పటికే తెలుసు. చిన్నప్పుడు ఆ టక్ టక్, టక్ చప్పుడు వింటూ ఆమె అన్నం తింది, ఆ చప్పుడు వింటూ ఎక్కాలు బట్టీపట్టింది, ఆ చప్పుడు ఆగితే నాన్న భోజనానికి వస్తున్నాడని లేచి కంచం పెట్టింది. ఇన్నేళ్ళ తర్వాత పరాయి ఊళ్ళో, పరాయి హాల్లో అది వినబడేసరికి ఆమె బల్ల దగ్గర్నించి వెనక్కి జరిగింది. కుర్చీ వెతుక్కుని కూర్చుంది. భూపతిరాజు గారు పెసరట్టు పడలేదేమో అనుకుని మజ్జిగ తెప్పించారు.

ఆమె తండ్రి గొర్లె సన్యాసిరావుది కంచరపాలెం. పాత పిన్‌బాల్ బల్లలు ఓడల్లో చెత్తసామాను కింద విశాఖ రేవుకి వచ్చే రోజుల్లో, దళారులు వాటిని తెచ్చి ఆయన షెడ్డులో పడేసేవారు. ఆయన పాత వార్నిష్ గీకి, కొత్తది పూసి, తీగలు మార్చి, రబ్బర్లు మార్చి, వంద బంతులు వేసి పరీక్ష చేసి పంపేవాడు. ముప్ఫై ఏళ్ళు అదే పని. చొక్కా జేబులో అందరికీ పెన్నుంటే ఆయనకి పసుప్పచ్చ పిడి స్క్రూడ్రైవర్ ఉండేది. ఒక్కగానొక్క కూతురికి ఆ పని నేర్పాలని ఆశపడ్డాడు. ఆమె చదువుకుంటానంది. ఆయన మారుమాట లేకుండా ఫీజు కట్టాడు. ఇప్పుడాయనకి ఎనభై ఒకటి, రెండు చేతులూ వణుకుతాయి. రెండేళ్ళ కిందట ఆ స్క్రూడ్రైవర్‌తోనే అరచేతిలో పొడుచుకుంటే, లాస్య దాన్ని లాక్కుని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. అది ఇంకా అందులోనే ఉంది.

వారం గడువు అడిగి, ముప్ఫైయొక్క బల్లలూ చదివారు. పదిహేడింటిలో సన్యాసిరావు చెయ్యే ఉంది. మిగతా పద్నాలుగింటిలో ఏ చెయ్యీ లేదు, అవి కవలలైనా కావాలి, గీకాక ఎవరూ ఆడనివైనా కావాలి. రెనాటో లేడు, మికా లేదు. ఒకవేళ ఎప్పుడో ఉన్నా, గీకుడుకత్తికి వార్నిష్‌తోపాటే పోయుంటారు.

"రాజుగారికివ్వాల్సిన పత్రంలో ఏం రాద్దాం?" అని అడిగింది తబస్సుం, ప్రయోగశాలకి తిరిగొచ్చాక.

లాస్య తెరపలక తీసి లెక్కలు మళ్ళీ మొదటినుంచీ చూడసాగింది.

"నిజం రాస్తే ఏమవుతుందో నీకు తెలుసు. బల్లలున్నవాళ్ళు బతికున్న ఛాంపియన్లని పిలిపించుకుని, పాత వార్నిష్ గీకించి, కొత్తదాని మీద ఆడించుకుంటున్నారు ఇప్పుడు. మెకానిక్ చెయ్యి అని తెలిస్తే ఒక్కడు కూడా ఉంచుకోడు. 'గుర్తు తెలియని ఛాంపియన్' అని రాద్దాం. మీ నాన్న చెయ్యి చల్లగా ఏసీలో ఉంటుంది. మన పేరూ ఉంటుంది."

"ఆ చేతి లెక్కలు మన దగ్గరున్నాయిగా. ఇంకో బల్లకి ఎక్కిస్తే?"

"నిన్న ఎక్కించి చూశాను. చెక్క వేరు, వాలు వేరు. బంతి ఒక దారినా చెయ్యి ఒక దారినా పోయాయి. ఆ చెయ్యి ఆ బల్లలోనే ఉంటుంది లాస్యా, బయటికి రాదు. పైగా మనం ఆడించినప్పుడల్లా కొంచెం అరుగుతోంది. నలభై ఆటలు, మహా అయితే. ఎవరైనా మనిషి ఆడితే అన్ని కూడా అక్కర్లేదు, వాళ్ళ చెయ్యి పడి ఇది చెరిగిపోతుంది."

లాస్య ఆ సాయంత్రం తొందరగా కంచరపాలెం వెళ్ళింది. తండ్రి వరండాలో కూర్చుని, ఒకప్పటి తన షెడ్డు వైపు చూస్తున్నాడు. అందులో ఇప్పుడు బ్యాటరీల కొట్టుంది. ఆమె టీ చేసి, ఒలకకుండా సగం గ్లాసే పోసి తెచ్చింది. ఆయన రెండు చేతులా పట్టుకుని మెల్లగా తాగాడు.

"నాన్నా, బల్ల బాగుచేశాక మొదటి బంతి ఎందుకు వదిలేసేవాడివి?"

"ఇప్పుడెందుకే లాసమ్మా అది?" భార్య ముచ్చటపడి పెట్టిన పేరు ఆయన నోటికి ఏనాడూ తిరగలేదు.

"చెప్పు నాన్నా."

"మొదటి బంతి మనది కాదమ్మా, బల్లది. దాన్ని ముట్టుకోకుండా ఒగ్గీయాల. ఏ పక్కకి లాగతందో, ఏ రబ్బరు సచ్చిందో అదే సెప్పుద్ది. మనం ముందే సెయ్యెట్టీసినామంటే మన గొడవే గానీ దాని గొడవ ఇనబడదు."

"తర్వాత ఎడమది రెండుసార్లు, కుడిది ఒకసారి?"

"ఏ బల్లకైనా ఎడమ రెక్క బద్దకమే. రెండుసార్లు లేపాల." ఆయన నవ్వాడు.

"వార్నిష్ వేశాక ఎన్నాళ్ళకి ఆడేవాడివి?"

సన్యాసిరావు నవ్వు ఆపి గ్లాసులోకి చూశాడు. పిప్పరమెంట్లు దొంగిలించి దొరికిపోయిన పిల్లాడి మొహం పెట్టాడు. "నెల్లాళ్ళు ఆగాలని పని నేర్పినాయన సెప్పీవోడు. మన ఊరి సముద్రం గాలికి వార్నిష్ ఓ పట్టాన ఆరదు. నాకేమో ఆగడం తెలీదు. అది ఎలా ఆడతందో సూడాలని పేణం పీకీది. నాలుగోనాడే వంద బంతులూ వేసీసీవోణ్ణి. తప్పే. ఇప్పుడు ఎవులైనా పట్టుకున్నారేటి?"

లాస్యకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. పచ్చి వార్నిష్ కాబట్టే ఆయన చెయ్యి అంత లోతుగా దిగింది. నెల్లాళ్ళు ఆగి ఉంటే వంద బంతుల జాడ పెట్టెకి దొరికేది కాదు. ఆమె ఆయన పక్కన కూర్చుని మొదటినుంచీ అంతా చెప్పింది. రెనాటో సంగతి, మికా సంగతి, పదిహేడు బల్లల సంగతి.

ఆయన సంబరపడతాడనుకుంది. ఆయన బ్యాటరీల కొట్టు వైపు తిరిగాడు.

"అయితే లాసమ్మా, నా సెయ్యే కనబడతందంటే... నా తరవాత ఎవులూ ఆడనేదా?"

ఆ మాట ఆమెకి అంతవరకూ తట్టలేదు. ఏడేళ్ళు ఆ లెక్కలతోనే కాపురం చేసిన మనిషికి తట్టలేదు.

"ఆడలేదు నాన్నా. శాలువాలు కప్పి దాచుకున్నారు."

"ఒక్కలూ ఆడనేదా?"

"లేదు."

"పెళ్ళి సేసి పంపిన పిల్లలు అత్తారింటికాడ సల్లగుంటారనుకున్నాను. గదిలో ఎట్టి తాళమేసీసినారన్నమాట." టీ చల్లారిపోయింది. ఆయన దాన్ని పక్కన పెట్టడానికి నాలుగుసార్లు ప్రయత్నించాల్సొచ్చింది.

అప్పుడు లాస్య తన బాధ చెప్పుకుంది. ఆయన పేరు రాస్తే గీకించేస్తారు, రాయకపోతే వేరేవాళ్ళ పేరుతో భద్రంగా ఉంటుంది. "నేను రాయను నాన్నా. పేరు పోతే పోయింది. నాకు నీ చెయ్యి కావాలి."

ఆయన తన కుడిచెయ్యి ఎత్తి ఆమె ముందుకి చాపాడు. అది గాల్లో తనిష్టం వచ్చినట్టు ఆడుతోంది. "ఇదీ నాదేనమ్మా," అన్నాడు.

లాస్య ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. రెండేళ్ళుగా దానికి అన్నం కలిపిపెడుతోంది, గోళ్ళు తీస్తోంది, గుండీలు పెడుతోంది. ఒక్కసారి కూడా ఊరికే పట్టుకుని కూర్చోలేదు. సిగ్గేసింది ఆమెకి.

"ఆ రాజుగారి కాడికి నన్నోపాలి తీసుకెళ్ళు. నా పేరు రాసీ. తరవాత సంగతి తరవాత," అన్నాడు సన్యాసిరావు.

లాస్య ఆయన పేరుతోనే పత్రం రాసింది. తబస్సుం రెండో సంతకం పెడుతూ, "ఇంక మనల్ని ఎవరూ పిలవరు," అంది. పెట్టడం మాత్రం మానలేదు. 

తండ్రీ కూతుళ్ళు దిగేసరికి భీమవరం స్టేషన్‌కి భూపతిరాజు గారు కారు పంపించారు. ముసలాయన వస్తున్నాడని హాల్లో మెత్తటి కుర్చీ వేయించారు. ఈసారి టిఫిన్ రాకముందే లాస్య పత్రం చేతికిచ్చేసింది. తిన్నాక చెప్పడం ఆమెకి అన్యాయమనిపించింది.

'ఈ బల్ల మీద ఉన్న చెయ్యి గొర్లె సన్యాసిరావుది, కంచరపాలెం, విశాఖపట్నం' అని ఉంది అందులో. అలాంటివి పదిహేడు కాగితాలు. పద్నాలుగు కాగితాల్లో 'ఏ చెయ్యీ లేదు' అని ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటిది చదివారు. లేచి రెనాటో బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. అక్కణ్ణించి మికా బల్ల దగ్గరికి వెళ్ళారు.

"ఇది కూడానా అండి?"

"అదీనండి."

"ఈ నీలంది?"

"అదీ."

పదిహేడుసార్లూ అడిగారు, పదిహేడుసార్లూ లాస్య చెప్పింది. చివరికాయన సన్యాసిరావు ముందుకొచ్చి నిలబడి, ఆ వణికే చేతుల వైపు చూశారు. "అంటే పదేళ్ళుగా పొద్దున్నే నేను దణ్ణం పెట్టుకుంటుంది మీకాండీ?"

"నాకు తెలీదు బాబూ. తెలిస్తే ఒద్దనీవోణ్ణి," అన్నాడు సన్యాసిరావు, ఇబ్బందిగా కుర్చీలో కదులుతూ.

భూపతిరాజు గారి మొహం ముడుచుకుంది. ఏడుస్తారో కేకలేస్తారో లాస్యకి తెలియలేదు. ఆయన ఆ రెండూ చెయ్యకుండా మంచినీళ్ళు తాగారు. "గీకించెయ్యమని మావాళ్ళంతా అంటారండి," అన్నారు మెల్లగా.

"మీ బల్ల, మీ ఇష్టం. దానికి ముందు ఓపాలి ఆడించండి. సూసి పోతాను."

లాస్య ఆ పదిహేడింటిలో ఒక ఎర్రబల్లకి పెట్టె బిగించి, తండ్రిని నడిపించుకొచ్చి బల్ల ముందు నిలబెట్టింది. ఆయన రెండు చేతులూ తీసి రెండు బటన్ల మీద పెట్టింది. చేతులు బల్లంచుకి తగిలి దడదడలాడాయి. మొదటి బంతి గుంటలోకి పోయింది. రెండోది లేచింది.

బటన్లు లోపలికి జారాయి, వాటితోపాటు ఆయన వేళ్ళూ జారాయి. టక్ టక్, టక్. ఆయన ఉలిక్కిపడ్డాడు. నొక్కుతున్నది ఆయన కాదు. యాభై ఏళ్ళ వయసున్న సన్యాసిరావు ఎవడో లోపల నిలబడి నొక్కుతుంటే, ఎనభై ఒక్కేళ్ళ వేళ్ళు వెనకాలే పోతున్నాయి. వణుకు తగ్గలేదు. అలాంటి అద్భుతాలేమీ జరగలేదు. కానీ కొంతసేపటికి ఆయన వేళ్ళు బటన్ కంటే ముందే కదలడం లాస్య చూసింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ కొట్టాలో ఆయనకి తెలుసు. బంతి దిగుతుంటే ఆయన భుజం వంగుతోంది, పైకి పోతుంటే గడ్డం లేస్తోంది. ఆమె చిన్నప్పుడు కంచం దగ్గర కూర్చుని చూసిన వీపు అదే. లాస్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఎవరు చూస్తున్నారని కూడా అనుకోలేదు.

బంతి పడిపోయింది. సన్యాసిరావు ఆయాసపడుతూ వెనక్కి జరిగాడు. "సాలు. ఆ పెట్టె ఇప్పీ లాసమ్మా. రాజుగారూ, మీరు రండి."

"నేనా అండి?" భూపతిరాజు గారు రెండడుగులు వెనక్కి వేశారు. "నాకు ఆడ్డం రాదండి."

"ముప్ఫై బల్లలు కొన్నారు గదండి!"

"కొన్నాను గానీ ముట్టుకోలేదండి. పాడైపోవూ? పైగా నేనాడితే మీ చెయ్యి చెరిగిపోద్దని అమ్మాయిగారు చెప్పారు."

"సెరిగిపోనీండి. ఆడతారనే గదా నాను బాగుసేసింది."

భూపతిరాజు గారు లాస్య వైపు చూశారు. వద్దంటే ఆగిపోయేలా ఉన్నారు. వద్దనాలనే ఉంది ఆమెకి. ఆమె వంగి పెట్టె విప్పి, తీగలు చుట్టి సంచిలో పెట్టేసింది.

అరవై మూడేళ్ళ భూపతిరాజు గారు చొక్కా చేతులు మడిచి, బల్లకి ఒకసారి దణ్ణం పెట్టి, స్ప్రింగు లాగి వదిలారు. బంతి లేచింది. ఆయన "అమ్మో" అంటూ రెండు బటన్ల మీదికీ ఒకేసారి పోయారు.

"ముట్టుకోకండి!" అని కేకేశాడు సన్యాసిరావు. ఆ గొంతుకి భూపతిరాజు గారి చేతులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. "మొదటి బంతి దానిది. ఒగ్గీయండి. ఇనండి."

ముగ్గురూ నిలబడి విన్నారు. బంతి గంటలు మోగిస్తూ, గుంజలకి తగులుతూ, తీరిగ్గా కిందికి దొర్లి గుంటలో పడింది. సన్యాసిరావు తల ఒక పక్కకి వంచి కళ్ళు మూసుకున్నాడు.

"కుడిపక్క మూడో రబ్బరు సచ్చిపోనాది. ఆటలెట్టకపోతే ఎండిపోవా మరి! గుంజ ఇప్పాల. స్క్రూడ్రైవరుందేటండి?" చొక్కా జేబు తడుముకోబోయి, ఎగిరిపడుతున్న తన చెయ్యి చూసుకుని దాన్ని దించేసుకున్నాడు.

లాస్య హ్యాండ్‌బ్యాగు తెరిచి పసుప్పచ్చ పిడి స్క్రూడ్రైవర్ తీసింది. బల్ల మీది అద్దం పక్కకి జరిపి, లోపలికి వంగింది.

"ఎటు తిప్పాలో చెప్పు నాన్నా," అంది.